పారేసే కాడలు, తొక్కలు, ఆకులు వండే ముందు వేసుకోవలసిన ప్రశ్న

కాలీఫ్లవర్ కాడలు, బఠాణీ తొక్కలు, క్యారెట్ ఆకులు, బంగాళాదుంప చెక్కు కలిపి ఒకే కూరగా వండారనీ, అది నమిలేకొద్దీ పీచుగా తగిలి చివరికి నాలుకపై చేదు మిగిల్చిందనీ మీరు రాశారు. సాధారణంగా పారేసే భాగాల్లో నిజంగా వండదగినవి ఏవి, ముట్టకూడనివి ఏవి, మిగిలినవన్నీ నీళ్లలో మరిగించి స్టాక్ (రుచి దిగిన నీళ్లు) తీసుకుంటే సరిపోతుందా అని అడిగారు. మీరు వేసిన ఉప్పుకారాల్లో లోపమేమీ కనిపించడం లేదు. ఆ నాలుగు భాగాలనూ జనం నాలుగు వేర్వేరు కారణాల వల్ల పారేస్తారు. మీరు ఆ నాలుగింటినీ ఒకే గిన్నెలో, ఒకే సమయం, ఒకే విధంగా ఉడికించారు. చిక్కు అక్కడే వచ్చింది.

వంటశాలలో కొత్తగా చేరినవారికి నేను మొదట నేర్పే పద్ధతి ఇది. తొక్కో కాడో చేతిలోకి తీసుకున్నప్పుడు, దీనితో ఏ వంటకం చేయవచ్చునన్న ఆలోచనను కాసేపు పక్కన పెట్టి, దీన్ని అందరూ ఎందుకు పారేస్తున్నారని అడగాలి. జవాబు సాధారణంగా గట్టిదనం, చేదు, ఆకు మీది నూగు, మట్టి లేదా పురుగుమందు, విషం, వీటిలో ఒకటై ఉంటుంది. ఇవేవీ కాకపోతే అది ఉత్త అలవాటు. అలవాటు వల్ల మాత్రమే చెత్తబుట్టకు చేరే బీట్‌రూట్ ఆకులు, కొత్తిమీర కాడలు, మామూలు తెల్ల పుట్టగొడుగుల కాడలు, గుమ్మడి గింజల వంటి వాటికి ప్రత్యేకమైన నేర్పేమీ అక్కర్లేదు, కడిగి వండుకోవడమే. మిగిలిన కారణాల్లో కొన్నింటికి విరుగుడు ఉంది, ఒకదానికి లేదు. ఏది ఏదో తెలిస్తే వంటకం దానంతట అదే తోస్తుంది.

గట్టిదనంతో మొదలుపెడతాను, ఎందుకంటే ఎక్కువమంది ఓడిపోయేది ఇక్కడే. కూరగాయ ఉడికి మెత్తబడడమంటే దాని కణాల గోడలను అంటిపెట్టి ఉంచే పెక్టిన్ వేడినీటిలో కరిగిపోవడం. లేత భాగాల్లో ఇది కొద్ది నిమిషాల్లో జరిగిపోతుంది. ముదిరిన కాడల్లో మాత్రం కణాల గోడల్లోకి లిగ్నిన్ చేరుతుంది. కర్రకు ఆ గట్టిదనాన్ని ఇచ్చేది ఈ పదార్థమే. ప్రెషర్ కుక్కర్‌లో వేడి దాదాపు 120 డిగ్రీల సెల్సియస్ వరకు వెళ్లినా అది కరగదు. కాబట్టి పీచుగా ఉన్నదాన్ని ఇంకాసేపు ఉడికిద్దామన్న ఆలోచన ఫలించదు. పక్కనున్న మెత్తని భాగం గుజ్జయిపోతుంది గానీ పీచు పీచుగానే మిగులుతుంది. పీచుతో చేయగలిగిన పనులు మూడే: చెక్కి తీసేయడం, పీచుకు అడ్డంగా సన్నగా కోసి దాని పొడవును తగ్గించడం, లేదా దాన్ని తినే ఆశ వదులుకుని రుచిని మాత్రం నీళ్లలోకి దించుకోవడం.

కాలీఫ్లవర్ లేదా బ్రకోలీ కాడను అడ్డంగా కోసి, ఆ కోత ముఖాన్ని వెలుతురులో చూడండి. బయట ఆకుపచ్చని పొర, దాని లోపల గుండ్రంగా తిరిగిన తెల్లని పీచు వరుస, నడుమ తడిగా, కాస్త పారదర్శకంగా మెరిసే మెత్తని భాగం కనిపిస్తాయి. ఆ నడిమి భాగం పువ్వుకంటే తియ్యగా ఉంటుంది. పీలర్‌తో పైపైన గీస్తే బయటి పొర మాత్రమే పోయి, అసలు శత్రువైన తెల్లని పీచు వరుస అలాగే నిలుస్తుంది. అందువల్ల కాడను నిలబెట్టి, చిన్న కత్తితో అడుగు నుంచి పైకి, ఆ తెల్లని వరుస కూడా ఊడివచ్చేటంత మందంగా, కాడ ముదురును బట్టి 3 నుంచి 5 మిల్లీమీటర్ల మేర చెక్కాలి. ఎంతవరకు చెక్కాలన్నది కత్తే చెబుతుంది: పీచు ఉన్నంతవరకు అది కరకరమని ఆగి ఆగి నడుస్తుంది, మెత్తని భాగం రాగానే చప్పుడు లేకుండా జారుతుంది. మిగిలిన ముక్కను బిళ్లలుగా కోసి పువ్వుతో పాటే వేపవచ్చు, తురిమి పచ్చిగానే ఉప్పు, నిమ్మరసం కలుపుకోవచ్చు. క్యాబేజీ మధ్యనుండే గట్టి మొదలుకు కూడా ఇదే పద్ధతి వర్తిస్తుంది. చెక్కిన పీచును ఎలా వాడాలని మాత్రం అడగకండి, అది చెత్తే.

బఠాణీ తొక్క విషయం కొంచెం వేరు, నాకు చాలా ఇష్టమైనదీ అదే. గింజల కోసం పెంచే రకాల్లో తొక్క లోపలి వైపు ఒక పలుచని, గట్టి పొర ఉంటుంది. మీ కూరలో నమిలి నమిలి ఉమ్మేయవలసి వచ్చింది ఎక్కువగా ఆ పొరే. తొక్కతో సహా తినే బఠాణీ రకాల్లో ఆ పొర లేకపోవడం, లేదా చాలా బలహీనంగా ఉండడం వల్లనే అవి అలా తినడానికి పనికివస్తాయి. మామూలు బఠాణీలో దాన్ని మనమే తీసేయవచ్చు. గింజలు ఒలిచాక తొక్కను రెండు బద్దలుగా విడదీసి, ఒక బద్దను లోపలి వైపు పైకి ఉండేలా పట్టుకోండి. కొనకు అంగుళం దూరంలో లోపలి వైపుకు మడిస్తే లోపలి పొర చిట్లుతుంది, బయటి కండ మాత్రం విరగకుండా వంగుతుంది. చిట్లినచోట గోటితో పట్టుకుని మెల్లగా లాగితే తడిసిన పలుచని కాగితంలా ఆ పొర ఒక్క ముక్కగా ఊడివస్తుంది. చేతిలో మిగిలే లేత ఆకుపచ్చ కండ రెండు నిమిషాల్లో వేగిపోతుంది. పని నిదానమైనదని ఒప్పుకుంటాను. కిలో కాయలు ఒలిచినప్పుడు అన్నింటికీ ఇలా చేయమని ఎవరికీ చెప్పను. ఓపిక లేనప్పుడు తొక్కలను నీళ్లలో పది పదిహేను నిమిషాలు ఉడికించి, ఆ నీటితోనే మిక్సీలో మెత్తగా రుబ్బి, సన్నని జల్లెడలో గరిటెతో అదిమి వడకట్టండి. పొరలన్నీ జల్లెడలో ఆగిపోయి చక్కని తియ్యని సూప్ కిందికి దిగుతుంది.

గట్టి భాగాల విషయంలో ఇంకొక్క మాట. చింతపండు, నిమ్మరసం, టమాటా వంటి పులుపు పెక్టిన్‌ను త్వరగా కరగనివ్వదు. కాడలు, తొక్కలు పూర్తిగా మెత్తబడ్డాకనే పులుపు వేయాలి. వంటసోడా దీనికి సరిగ్గా వ్యతిరేకంగా పనిచేసి త్వరగా మెత్తబరుస్తుంది కానీ, కాస్త ఎక్కువైనా సబ్బు వాసన వస్తుంది, ముక్క జారుడుగా తయారవుతుంది, విటమిన్ సి కూడా దెబ్బతింటుంది. అందుకే నేను దాని జోలికి పోను.

ఇక ఆకులు. క్యారెట్ ఆకు విషపూరితమన్న మాట అక్కడక్కడ వినిపిస్తుంది. అది నిజం కాదు, పెంచిన క్యారెట్ల ఆకులు తినదగినవే. క్యారెట్, కొత్తిమీర, పార్స్లీ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు, ఆకుల వాసనలోనూ ఆ చుట్టరికం తెలుస్తుంది. అయితే క్యారెట్ ఆకులో కొంత చేదు ఉంది, కాడ దారంలా ఉంటుంది. దాన్ని పాలకూరలా గిన్నెడు వండితే ఎవరూ ఇష్టంగా తినరు; కొత్తిమీరలా కొద్దికొద్దిగా వాడితే బాగుంటుంది. కాడలు తీసేసి, ఆకును మరిగే ఉప్పునీటిలో ఒక నిమిషం ఉంచి, చల్లని నీటిలోకి తీసి, గట్టిగా పిండి, సన్నగా తరిగి, నూనె, వెల్లుల్లి, వేయించిన పప్పుగింజలతో కలిపి నూరుకోవచ్చు. చేదులో కొంత ఉడికిన నీటితో పోతుంది, మిగిలినదాన్ని ఉప్పు, నూనె అణుస్తాయి. చేదు మీద ఉప్పుకున్న ప్రభావాన్ని చాలామంది తక్కువగా అంచనా వేస్తారు. చక్కెర వేసేముందు చిటికెడు ఉప్పు వేసి చూడడం మంచిది. అడవిలో, రోడ్డు పక్కన మొలిచిన క్యారెట్ లాంటి మొక్కల జోలికి మాత్రం వెళ్లకూడదు, అదే కుటుంబంలో ప్రాణాంతకమైన మొక్కలు కూడా ఉన్నాయి.

ముల్లంగి ఆకును జనం పారేయడానికి కారణం నూగు. పచ్చిగా నోటికి గరుకుగా తగిలే ఆ నూగు వేడి తగలగానే మెత్తబడిపోతుంది, కాబట్టి దాన్ని సలాడ్‌లో కాక వేపుడులో, పప్పులో, సూప్‌లో వాడాలి. బీట్‌రూట్ ఆకుల కాడలను ముందు వేసి, అవి సగం మగ్గాక ఆకు వేయాలి. అంతకుమించి చెప్పవలసిందేమీ లేదు. కాలీఫ్లవర్ చుట్టూ ఉండే ఆకుల నడిమి ఈనెలను నిలువుగా చీల్చి, నూనె, ఉప్పు పట్టించి 200 డిగ్రీల ఓవెన్‌లో అంచులు నల్లబడే దాకా కాలిస్తే పువ్వును మరచిపోతారు. ఆరోగ్యపరంగా రెండు జాగ్రత్తలున్నాయి. బీట్‌రూట్ ఆకుల్లో ఆక్సలేట్లు ఎక్కువ, కాబట్టి మూత్రపిండాల్లో రాళ్ల సమస్య ఉన్నవారు వాటిని తగ్గించాలి. తిన్నా, ఉడికించిన నీళ్లు వార్చి పారబోసి తినడం మేలు, కరిగే ఆక్సలేట్లలో కొంత ఆ నీటితో పోతుంది. ఇలాంటి ముదురాకుపచ్చ ఆకుల్లో విటమిన్ కె కూడా హెచ్చుగా ఉంటుంది గనుక రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ మందు వాడుతున్నవారు వాటిని ఒక్కసారిగా రోజువారీ భోజనంలో చేర్చుకోకుండా ముందు వైద్యుడితో మాట్లాడాలి.

చేదు గురించి మాట్లాడాను కాబట్టి ఒక చేదును విడిగా చెప్పాలి. సొర, బీర, దోస, గుమ్మడి, జుకినీల కుటుంబంలో కుకుర్బిటాసిన్లు అనే చేదు పదార్థాలుంటాయి. పెంచే రకాల్లో వాటిని దాదాపు లేకుండా చేశారు గానీ, అప్పుడప్పుడు ఒక కాయలో అవి తిరిగి బాగా పెరుగుతాయి. వాటిని ఉడికించినా, వార్చినా, ఉప్పు వేసినా అవి పోవు. 2015లో జర్మనీలో తోటలో పెంచిన చేదు జుకినీ తిని ఒకరు మరణించారు. అందువల్ల, సహజంగానే చేదుగా ఉండే కాకరను మినహాయిస్తే, ఈ కుటుంబంలోని ఏ కాయ తొక్క వండాలనుకున్నా, ముందు చిన్న ముక్క కోసి నాలుక చివర తాకించి ఉమ్మేయండి. చేదు తగిలితే తొక్కతో పాటు కాయ మొత్తం పారేయాలి. క్యారెట్ ఆకు చేదుకు చేసే విరుగుళ్లేవీ ఇక్కడ ప్రయత్నించకూడదు. చేదు లేని లేత బీర తొక్క, సొర తొక్క మాత్రం చాలా రుచికరమైనవి. పలుచగా తీసి, ముదిరిన ఈనెల అంచులు తొలగించి, కొద్ది నూనెలో తేమ పూర్తిగా పోయేదాకా వేయించి నూరుకుంటే చక్కని పచ్చడి అవుతుంది. తేమ పోకముందే నూరితే పచ్చివాసన వదలదు, అందరూ తొందరపడేది అక్కడే. పుచ్చకాయ ఎర్రని గుజ్జుకూ ఆకుపచ్చని పైతొక్కకూ మధ్యనుండే తెల్లని భాగాన్ని సొరకాయ ముక్కల్లాగే వండుకోవచ్చు.

మీ కూరలోని నాలుగో వస్తువు బంగాళాదుంప చెక్కు. మట్టి కడిగిన, ఆకుపచ్చ రంగు లేని దుంపల చెక్కు నిస్సందేహంగా తినవచ్చు, కానీ కూరలో ఉడికితే అది తడి తోలులా మారుతుంది. దాన్ని కొద్ది నూనెతో 200 డిగ్రీల దగ్గర కరకరలాడే దాకా కాల్చడమే దానికి తగిన వంట. వెంటనే వండకపోతే నల్లబడకుండా నీళ్లలో ఉంచి, వండే ముందు గుడ్డతో తుడిచి పూర్తిగా ఆరబెట్టాలి. ఇందులో అసలు జాగ్రత్త సోలనైన్, చాకొనైన్ అనే విషపదార్థాల గురించి. అవి చెక్కులోనూ, దాని కింది పలుచని పొరలోనూ, మొలకల్లోనూ ఎక్కువగా చేరతాయి, మామూలు వంట వేడికి నశించవు. దుంప వెలుతురులో ఉంటే పెరిగే ఆకుపచ్చ రంగు క్లోరోఫిల్ మాత్రమే, దానివల్ల హాని లేదు. కానీ అదే వెలుతురు ఈ విషాలను కూడా పెంచుతుంది కాబట్టి ఆ రంగును హెచ్చరికగా తీసుకోవాలి. దుంప మొత్తంలో ఈ విషాలకు సాధారణంగా పాటించే పరిమితి కిలోకు 200 మిల్లీగ్రాములు. చెక్కును మాత్రమే గుట్టగా తింటున్నప్పుడు, అందులోనూ వేపుడులో నీరంతా ఆవిరైపోయినప్పుడు, ఆ లెక్క వేరుగా ఉంటుంది. అందుకే పచ్చబడినవి, మొలకెత్తినవి, ముడుతలు పడినవి ఒలిచి చెక్కు పారేయండి, పచ్చదనం విస్తరించి ఉంటే దుంపనే పారేయండి. కాల్చిన చెక్కులో చేదు, గొంతులో మంట తగిలితే అక్కడితో ఆపేయండి. ఆ చేదుకు కారణం చాలావరకు ఈ విషాలే. మీ కూరలోని చేదు క్యారెట్ ఆకుదా, చెక్కుదా అన్నది మీరు రాసినదాన్ని బట్టి తేల్చలేను, కానీ దుంపలు ఏ స్థితిలో ఉన్నాయో గుర్తు చేసుకుని చూడండి.

ఒక కారణానికి విరుగుడు లేదని పైన అన్నాను, అది విషమే. ఆ జాబితాలో ఇంకా కొన్ని ఉన్నాయి. కర్రపెండలం దుంప తొక్కలో సైనైడ్‌ను విడుదల చేసే పదార్థాలు కండలో కంటే ఎక్కువగా ఉంటాయి. దాన్ని ఏ రూపంలోనూ వంటలోకి తీసుకోకూడదు. పుల్లని కాడల కోసం పెంచే రూబార్బ్ అనే మొక్క కాడ తింటారు, ఆకు తినకూడదు. చేమ ఆకులు, కాడలు మధ్యరకం: వాటిలోని సూదుల్లాంటి కాల్షియం ఆక్సలేట్ స్ఫటికాలు పచ్చిగా నోటినీ గొంతునూ విపరీతంగా దురద పెడతాయి, కాబట్టి బాగా, ఎక్కువసేపు ఉడికించి తినాలి.

తొక్కలు తినేవారికి మట్టి, పురుగుమందుల భయం సహజం. కూరగాయను ఒలవక ముందే కడగాలి. ఒలిచాక తొక్కను కడగడం వృథా ప్రయాస, ఎందుకంటే అప్పటికే కత్తి ద్వారా మట్టి కండకు అంటుకుంటుంది, పలుచని తొక్క మడతల్లోంచి అది సులువుగా పోదు. పారే నీటి కింద చేతితో లేదా బ్రష్‌తో రుద్దడం దుంపలకు చాలు. 2017లో యాపిల్ పండ్లపై అమెరికాలో జరిగిన ఒక పరిశోధనలో, లీటరు నీటికి సుమారు 10 గ్రాముల వంటసోడా కలిపి 12 నుంచి 15 నిమిషాలు నానబెడితే పైపొరకు అంటిన రెండు రకాల మందులు మామూలు నీటికంటే బాగా వదిలినట్టు తేలింది. కానీ వాటిలో తొక్కలోకి ఇంకిపోయిన భాగం కడుగుడుకు లొంగలేదు. కాబట్టి మందులు కొట్టకుండా పెంచిన కాయల తొక్కలు దొరికితే వాటినే ఎంచుకోండి, మైనం పూసిన దోస, టర్నిప్ వంటి వాటి తొక్కను వదిలేయండి. సబ్బు, డిటర్జెంట్ వద్దు.

పోషకాలన్నీ తొక్కలోనే ఉన్నాయన్న ప్రచారాన్ని కూడా నేను సమర్థించను. బరువుకు బరువు పోల్చితే పీచు, కొన్ని ఖనిజాలు, రంగు పదార్థాలు తొక్కలో ఎక్కువే, కానీ దుంపలో తొక్క వాటా చాలా తక్కువ కాబట్టి పొటాషియం, విటమిన్ సిలలో సింహభాగం కండలోనే ఉంటుంది. తొక్క తినడానికి రుచి ఒక్కటి చాలిన కారణం. టమాటాను చూడండి: కూరలో నీళ్లవుతాయని చాలామంది పారేసే గింజల చుట్టూ ఉన్న జిగురులో, రుచిని గాఢం చేసే గ్లూటమేట్ కండలో కంటే ఎక్కువగా ఉంటుంది. వడకట్టి ఆ రసాన్నే పులుసులోకి పోసుకోవాలి. ఒలిచిన టమాటా తొక్కలను 70 డిగ్రీల ఓవెన్‌లో విరిగేటంత పెళుసుగా ఎండబెట్టి పొడి చేస్తే, చిటికెడు పొడి పెద్ద గిన్నెడు సూప్‌కు సరిపోతుంది.

చివరిగా మీ స్టాక్ ప్రశ్న. మిగిలినవన్నీ వేసేస్తే సరిపోదు. ఉల్లి, వెల్లుల్లి చివరలు, ఉల్లికాడల పచ్చని భాగం, క్యారెట్ చెక్కు, సెలెరీ ఆకులు, కొత్తిమీర కాడలు, పుట్టగొడుగుల కాడలు, టమాటా చివరలు, గింజలు తీసిన మొక్కజొన్న కండెలు దీనికి శ్రేష్ఠమైనవి. కండె ఇచ్చే తియ్యదనం మరేదీ ఇవ్వదు. ఉల్లి పైపొరల్లోని క్వెర్సెటిన్ వల్ల స్టాక్‌కు బంగారు రంగు వస్తుంది, కానీ రెండు మూడు పొరలకు మించితే వగరు, చేదు దిగుతాయి. క్యాబేజీ, కాలీఫ్లవర్, బ్రకోలీ, ముల్లంగి ముక్కలు ఎక్కువసేపు ఉడికితే గంధకపు వాసన వెలువడుతుంది, గిన్నెడు స్టాక్‌ను చెడగొట్టడానికి కొన్ని ముక్కలు చాలు. బంగాళాదుంప చెక్కు పిండిపదార్థంతో దాన్ని మసకబారుస్తుంది, బీట్‌రూట్ అంతటికీ తన రంగు పులుముతుంది. మెత్తబడి వాసన వస్తున్నవీ, బూజు పట్టినవీ వేయకూడదు. స్టాక్ కోసం దాచడమంటే కుళ్లే దాకా ఆగడం కాదు కాబట్టి, ముక్కలు తరిగిన రోజే డబ్బాలో వేసి ఫ్రీజర్‌లో పెట్టండి.

డబ్బా నిండాక ముక్కలు మునిగి పైన రెండు వేళ్ల మందం నిలిచేలా చల్లని నీళ్లు పోసి, సన్నని మంట మీద 45 నిమిషాల నుంచి గంట వరకు మరగనివ్వండి. ఎముకల స్టాక్‌లా గంటల తరబడి మరిగిస్తే పరిమళం పోయి చప్పటి ఉడుకువాసన మిగులుతుంది. ముదురు రంగు, కమ్మదనం కావాలంటే సగం ముక్కలను ముందే నూనెతో ఎర్రగా కాల్చుకోండి. వడకట్టేటప్పుడు గట్టిగా పిండకండి, మసకగా మారుతుంది. ఉప్పు వేయకుండా ఉంచితే తర్వాత దేనిలోకైనా వాడుకోవచ్చు, చిక్కబరచినా ఉప్పెక్కువ కాదు. రెండు గంటల్లోపు చల్లార్చి ఫ్రిజ్‌లో పెడితే మూడు నాలుగు రోజులు, ఫ్రీజర్‌లో కొన్ని నెలలు నిలుస్తుంది. వెల్లుల్లి ముక్కలను, తొక్కలను నూనెలో వేసి గది ఉష్ణోగ్రత దగ్గర నిల్వ ఉంచే అలవాటు ఉంటే మాత్రం మానండి. గాలి అందని ఆ నూనెలో బొట్యులిజం అనే ప్రాణాంతక జబ్బు తెచ్చే విషాన్ని పుట్టించే బ్యాక్టీరియా పెరగగలదు. అలాంటి నూనెను ఎప్పటికప్పుడు కొద్దిగా చేసుకుని వెంటనే వాడేయాలి.